నాలుగు మరుగుదొడ్ల ఊరు

మార్చి 3

ఒరేయ్ బుడ్డోడా,

అరవై ఎనిమిదేళ్లొచ్చాక కూడా ఈ పిలుపేంటి అని మూతి ముడుచుకోకు. నీకు తొంభై వచ్చినా నాకు తమ్ముడివే.

ఈ పెట్టెలో నీ బొమ్మ రైలు ఊరి కొండ వస్తోంది. పక్కలు పట్టుకుని లాగకు, అడుగున చెయ్యి పెట్టి తియ్యి. నువ్వు పంపిన న్యూస్‌పేపరు కొలతని జాకెట్టు కొలత పరిచినట్టు పరిచి, థర్మోకోల్ పలకలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, పైన పాత చీర ముక్కలు జిగురులో ముంచి కప్పాను. ఏ చీరో తెలుసా? అమ్మది, ఆ వంకాయ రంగుది. కాబట్టి కొండ బాగాలేదని అనే ముందు కాస్త ఆలోచించుకో.

నేల మీద చల్లింది మట్టి కాదు, టీ పిప్పి. డాబా మీద ఆరబోస్తే కిందింటావిడ పైకొచ్చి చూసింది. "మళ్లీ కాచుకుంటారా అండీ?" అని మెల్లిగా అడిగి, సాయంత్రానికి కొత్త టీపొడి పొట్లం పంపించింది. నేను వద్దనలేదు. బొమ్మ రైలు కోసం ఆరబెడుతున్నానని చెబితే ఇంకా ఎక్కువ జాలిపడేది. చెట్లకి తీగ, గిన్నెలు తోమే పీచు. పొలాల చుట్టూ కంచె పాత జిప్పు పళ్లు. ఏటికి శాటిన్ లంగా గుడ్డ మీద వార్నీషు పూశాను, వెలుతురు పడితే నీళ్లు కదిలినట్టే ఉంటుంది. టైలరింగు మానేసి రెండేళ్లయినా మిషను డ్రాయరు ఇంకా ఖాళీ అవలేదు.

సొరంగం బయట ఒక చిన్న గది కట్టాను చూడు. పైన టూత్‌పేస్టు మూత ఉంది కదా, అది దాని నీళ్ల ట్యాంకు. పొరపాటున చెత్తలో పడేస్తావేమో, జాగ్రత్త.

ఊళ్లో మనుషులేరీ అని పోయినసారి అడిగావు. మనుషులంటే మొహాలు పెట్టాలి. నాకు సూదిలో దారమే ఎక్కడం లేదు, మొహాలు ఎక్కడ తేను? ఏడాదిన్నర నుంచి ముక్కలు ముక్కలుగా పంపుతున్నాను. అన్నీ కలిపితే ఎలా ఉంటుందో, రైలు ఎటు వెళ్లి ఎటు వస్తుందో ఒక్కసారీ చూడలేదు. పడుకున్నప్పుడు కళ్లు మూసుకుని ఆ ఊళ్లో తిరుగుతుంటాను. స్టేషన్లో దిగి, బజారు మీదుగా, కొండ దాకా.

ఫోను మాత్రం చెయ్యకు. నీ మాట నాకు గొణుగుడే, నా అరుపుకి కిందింటివాళ్లు కంగారుపడుతున్నారు. పెట్టెలో కాగితం పెట్టుకోవడమే మనకి బాగుంది.

మోకాళ్లు ఎప్పటిలాగే. నీ చెయ్యి ఎలా ఉంది?

కొండ పదిలం.

అక్క

*

మార్చి 15

అక్కా,

రాత చూసి కంగారుపడకు. నేను చెబుతున్నాను, నీ మరదలు రాస్తోంది. ఇకమీదట ఇంతే. ముప్పై ఏళ్లు లిఫ్టు గోతుల్లో వేలాడుతూ వైర్లు బిగించిన చెయ్యి, ఇప్పుడు పెన్ను పట్టుకుంటే కాగితాన్ని చింపుతోంది. నరాల డాక్టరు మాత్రలు పెంచాడు. మాత్రలతో పాటు వణుకూ పెరిగింది.

కొండ దిగింది. అమోఘంగా ఉంది. అమ్మ మీద ఒట్టేసినట్టు చెప్పేశావు కాబట్టి ఇంకేమీ అనలేను కానీ, ఒక్క మాట. నీ సొరంగంలోకి వెళ్లిన ఇంజను మళ్లీ బయటికి రాలేదు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఇంజను కదలదు. చివరికి నీ మరదలు గరిటె కాడతో వెనకనుంచి తోసింది. కాస్త వదులు చేసి ఇంకో సొరంగం మొహం పంపు.

ఇంకో సంగతి. నిన్న ఊరంతా ఒకచోట పేర్చి చూసుకున్నాను. స్టేషన్లో ఒకటి, బజారు వెనక ఒకటి, వంతెన దాటాక ఒకటి, సొరంగం దగ్గర ఇప్పుడు ఇంకొకటి. అక్కా, ఇవి మరుగుదొడ్లే కదా? బడి లేదు, పోస్టాఫీసు లేదు, ఒక్క మనిషి లేడు, నాలుగు మరుగుదొడ్లున్నాయి! ఈ ఊరి జనం అందరూ అందులోనే ఉన్నారా ఏంటి? నవ్వీ నవ్వీ పొలమారింది నాకు.

ఇక అసలు విషయం. మే మొదటివారంలో మా బొమ్మ రైళ్ల సంఘం వాళ్లు పెద్ద హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. మన ఊరు నడిమధ్యన ఉంటుంది. ఆ తరువాత దాన్ని పిల్లల ఆసుపత్రికి ఇచ్చేస్తున్నాను. ఒక తీగ ఊడితే నేను మళ్లీ అతికించలేను. చూస్తూ చూస్తూ దుమ్ము పట్టనివ్వలేను. కాబట్టి నువ్వు రావాలి. అది ఒక్కటిగా నడవడం నువ్వు చూడాలి. ఇంకోసారి ఉండదు.

వస్తే చివరిదాకా ఉండాలి సుమా. మా అమ్మాయి పెళ్లిలో లాగా భోజనాల మధ్యలో లేచి, ఎవరికీ చెప్పకుండా మాయమవకూడదు. నీ ఒక్కగానొక్క మేనకోడలి పెళ్లి. ఆడపడుచు ఎందుకు అలిగింది అని ఆ రోజు అందరూ అడిగారు. వెర్రినవ్వు నవ్వాను.

ఎదురుచూస్తూ,

తమ్ముడు

వదినా, ఆఖరి మాటలు నేను రాయనన్నాను. రాయకపోతే అన్నం తిననన్నారు. మీరు మనసులో పెట్టుకోకండి. బస్టాండుకి నేను వస్తాను.

*

మార్చి 24

ఒరేయ్,

ఇంజను ఇరుక్కుంటే తప్పు నా మీద వేస్తావా? కొలత పేపరు కత్తిరించింది ఎవరు? అంచంతా ఎలక కొరికినట్టుంది. నేను ఏ జాకెట్టు కుట్టినా అరంగుళం వదులు పెట్టి కుట్టాను, ఊపిరాడలేదని ఎవరూ వెనక్కి తేలేదు. కొత్త సొరంగం ఇందులో ఉంది. ఈసారి రెండు ఇంజన్లు పక్కపక్కన దూరతాయి.

మరుగుదొడ్లు అంటావా? చోటు మిగిలింది, కట్టాను. మూతలు మిగిలాయి, పెట్టాను. పెద్ద విషయమేముంది అందులో?

ప్రదర్శనకి రావడం కుదరదురా. మోకాళ్లు ఒకటి. పైగా మే నెల ఎండలు. కిందింటివాళ్లు ఊరెళ్తున్నారు, ఇల్లు చూసుకోమని నాకే చెప్పారు. మధ్యలో బస్సు మారాలి, సంచులు మొయ్యాలి. ఎవరైనా ఫొటో తీస్తే పంపు, చాలు.

పెళ్లి సంగతి ఇప్పుడెందుకు? ఆ రోజు కడుపులో బాగాలేదు. అలగడం ఏంటి, ఎవరి మీద అలుగుతాను? నువ్వు అలా అనుకుని రెండేళ్లు మోశావా?

కంగారుపడకు అన్నావు గానీ, మరదలి రాత ముత్యాల్లా ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంది. అయినా ఒక్కసారి నీ చేత్తో రాసి, నువ్వే అంటించి పంపు. రెండు ముక్కలైనా చాలు. నీ రాత చూడాలనుంది.

పందిట్లో... ఏదో రాయబోయాను, కొట్టేశాను. వదిలెయ్యి.

అక్క

*

ఏప్రిల్ 5

అక్కకి,

నాలుగు సాకులు చెప్పావు. ఒకటి చెబితే నమ్మేవాణ్ణేమో.

నీ ఉత్తరం నీ మరదలు చదివి వినిపించింది. ఎలక కొరికినట్టుంది అన్న దగ్గర ఆగింది. నేనే చదవమన్నాను. అవును, ఎలకే కొరికింది. ఆ ఎలక నా చెయ్యి. చొక్కా గుండీలు తను పెడుతోంది. టీ సగం గ్లాసే పోయమంటాను, నిండుగా పోస్తే పెదాల దాకా వచ్చేసరికి సగమే ఉంటుంది, మిగతాది నా ఒళ్లో. ఇవన్నీ నీకు రాయకూడదనుకున్నాను. కానీ నువ్వు నా రాత చూడాలంటున్నావు. ఎందుకు? ఎంత పాడయ్యానో లెక్క తేల్చుకోవడానికా? కుట్టు బాగా పడిందో లేదో దారం లాగి చూసినట్టు, నన్ను కూడా లాగి చూడాలా?

వద్దులే. రాకు. ఇల్లు కాపలా కాయి.

సొరంగం సరిపోయింది. మరుగుదొడ్లు తీసేసి ఒక డబ్బాలో పెట్టాను. నవ్వినందుకు కాదు, ఊరికి పోస్టాఫీసు కావాలి. సంఘంలో ఒకాయన అగ్గిపెట్టెలతో చేసిస్తానన్నాడు.

తమ్ముడు

వదినా, ఈయన కోపం మీ మీద కాదు, చేతి మీద. ఒక్కసారి రండి. మీకు ఏ ఇబ్బందీ లేకుండా నేను చూసుకుంటాను. ఈ ముక్క నేను రాశానని ఆయనకి చెప్పలేదు.

*

ఏప్రిల్ 14

తమ్ముడూ,

ఇందులో కొండ చివరి అంచు ఉంది. ఇక నా దగ్గరనుంచి ఏమీ రావు, జిగురు కూడా అయిపోయింది.

నీ చెయ్యి గురించి అలా అనుకుని అడగలేదు. నువ్వు అలా అనుకున్నావంటే ఇంక నేను చెప్పినా నమ్మవు.

పోస్టాఫీసు పెట్టుకో. కానీ స్టేషన్లోది మాత్రం మళ్లీ పెట్టెయ్యి. అదొక్కటీ ఉండనీ. మిగతావి పోతే పోయాయి. రైలు దిగిన ముసలమ్మ ఎక్కడికి పోతుందిరా?

అక్క

*

మే 9

అక్కా

ఇది నా చేత్తో రాస్తున్నాను. నీ మరదలు చూడలేదు. కవరు నేనే అంటించాను. గీతలు ఎటు పోతే అటు పోతున్నాయి, ఓపిక పట్టి చదువు. ఎక్కడైనా అర్థం కాకపోతే అది నా చెయ్యి, నా మనసు కాదు.

ప్రదర్శన అయింది. జనం బాగా వచ్చారు. మన ఊరి చుట్టూ పిల్లలు మోచేతులతో తోసుకున్నారు. నీ ఏటిలో నీళ్లు నిజమైనవేనని ఒకడు వేలు పెట్టి చూశాడు.

రైలు బయల్దేరే టైమైంది. స్విచ్చి నేనే వెయ్యాలి. చెయ్యి చాపాను. తప్పింది. మళ్లీ చాపాను. మళ్లీ తప్పింది. చెయ్యి బల్లకి తగిలి నీ రెండు చెట్లు పడిపోయాయి. అందరూ నా చేతినే చూస్తున్నారు. ముందు నిలబడ్డ ఒకావిడ "అయ్యో పాపం" అంది. ఆ మాట వినేసరికి నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అప్పుడు నేను చేసిన పని రాస్తున్నాను. మైకు అందుకున్నాను. "ముందు మీకు ఈ ఊరి విశేషం చెప్పాలి" అన్నాను. స్టేషన్లో ఉన్న ఆ ఒక్కదాన్ని చూపించాను. మా అక్క ఈ ఊరికి మనుషుల్ని పెట్టలేదు గానీ నాలుగు మరుగుదొడ్లు కట్టింది, మూడు నేను కూల్చేశాను, దీన్ని మాత్రం బతిమాలి కాపాడుకుంది అన్నాను. నవ్వారు. నవ్వుతున్నారు కదా అని ఇంకా చెప్పాను. "రైలు దిగిన ముసలమ్మ ఎక్కడికి పోతుందిరా" అని నీ గొంతు పెట్టి అన్నాను. హాలంతా పగలబడి నవ్వింది. నా చేతిని ఎవరూ చూడటం లేదు. ఆ సందులో సంఘం కుర్రాడు స్విచ్చి వేసేశాడు, రైలు కదిలింది.

నీ మరదలు లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అడిగాను. వంటగదిలో అటు తిరిగి నిలబడే చెప్పింది. పెళ్లి రోజు నువ్వు లేచిన కుర్చీ గురించి. నువ్వు కొంగు కప్పుకుని గోడ వారగా వెళ్లడం తను చూసిందట. తను కుర్చీ దగ్గరికి వచ్చి చూసి, చేతిలో ఉన్న జగ్గు నీళ్లు మొత్తం దాని మీద ఒంపేసిందట. "చెయ్యి జారింది" అని అందరికీ చెప్పి, పెద్దవాళ్ల చేత నాలుగు తిట్లు తిని, కుర్చీ మీది గుడ్డ తీసుకెళ్లి తనే ఉతికిందట. నాకెందుకు చెప్పలేదే అంటే, "వదిన చెప్పని మాట నేనెలా చెబుతాను?" అంది.

అక్కా, నా చెయ్యి దాచుకోవడానికి నిన్ను అమ్ముకున్నాను. తెలియక చేశానని రాయబోయాను. తెలియకపోయినా అది నువ్వు బతిమాలిన మాట. అది తెలిసే ఎగతాళి చేశాను.

డబ్బాలోంచి మూడూ తీసి ఎక్కడివక్కడ పెట్టాను. ఒకదాని మూత ఊడింది. నీ మరదల్ని అడగకుండా నేనే అంటించాను, కాస్త పక్కకి ఒరిగింది.

ఆసుపత్రివాళ్లని జూన్ ఆఖరుదాకా ఆగమన్నాను.

నీకు మొహం చూపించే అర్హత లేని

తమ్ముడు

*

మే 17

నీ రాత చదవడానికి రెండు కళ్లజోళ్లు మార్చాను. ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

ఎంతమంది ఉంటారు ఆ హాల్లో? వద్దులే, చెప్పకు. నా గొంతు పెట్టి అన్నావంటే, నాకు ఆ హాలు, ఆ నవ్వు అన్నీ వినపడుతున్నాయి. నాకు కోపంగా ఉంది. సిగ్గుగా ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు.

నాకు మూడేళ్ల నుంచి ఇలా ఉంది. తుమ్మితే, నవ్వితే, బస్సు కుదుపుకి. నేను లేచేలోపే అయిపోతుంది. మొదట్లో ఏదో పొరపాటు అనుకున్నాను. టైలరింగు మోకాళ్ల వల్ల మానెయ్యలేదు. ఒక రోజు కొలతలివ్వడానికి వచ్చిన పిల్ల ముక్కు మూసుకుంది. మర్యాదగానే మూసుకుంది, తుమ్ము వచ్చినట్టు. ఆ సాయంత్రమే మిషను మీద దుప్పటి కప్పేశాను. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఏమని చెప్పుకోను? డెబ్బై ఏళ్ల మనిషిని, చంటిపిల్లలా బట్టలు తడుపుకుంటున్నానని ఎవరితో అనను?

ఇల్లు దాటాలంటే ముందు రోజు నుంచే నీళ్లు మానేస్తాను. ఏ వీధిలో ఏ తలుపు ఉందో, దానికి గొళ్లెం ఉందో లేదో నాకు తెలుసు. ఎక్కడ తెలియదో అక్కడికి వెళ్లను. నీ ఊరు కడుతున్నప్పుడు నేను అందులో నడిచానని రాశాను కదా. నడుస్తూ నడుస్తూ, ఇక్కడికొచ్చేసరికి నాకు అవసరమవుతుంది అనుకున్నచోట ఒకటి కట్టాను. ఈ మూడేళ్లలో నేను భయం లేకుండా తిరిగింది ఆ ఒక్క ఊళ్లోనేరా. దాన్ని చూసే నీకు పొలమారింది.

నీ రాత చూడాలనుంది అన్నది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? ఉత్తరం నీ మరదలు చదివి వినిపిస్తుంటే నేను ఈ మాట ఎలా రాయను? తను ఆ రోజు కుర్చీ వైపు రావడం నేను చూశాను. ఇంటికెళ్లి అందరికీ చెప్పి ఉంటుందనుకున్నాను. రెండేళ్లు తన పేరు తలచుకుంటే ఒళ్లు జలదరించేది. చివర్లో తను రాసే 'వదినా' అన్న ముక్కలు చదవకుండా మడిచేసేదాన్ని. ఈ రోజు అన్నీ తీసి చదివాను. జగ్గు నీళ్లు ఒంపి తిట్లు తిన్న మనిషిని నేను ఏమనుకున్నానో తలచుకుంటే, నువ్వు నాకు చేసినదాని కన్నా నేను తనకి చేసింది తక్కువేం కాదనిపిస్తోంది.

నేను రాను. ఆ హాల్లో నవ్విన ఒక్కరు నీ వీధిలో ఎదురైనా నేను తట్టుకోలేను. రైలుని ఆసుపత్రికి పంపెయ్యి. పిల్లలు ఆడుకుంటారు.

అక్క

*

జూన్ 10

అక్కా

మళ్లీ నేనే రాస్తున్నాను. ఇకమీదట నేనే రాస్తాను, చదవడం నీ తిప్పలు.

రానన్నావు. ఎందుకు రాలేవో చూద్దామని మొన్న నేనూ నీ మరదలూ బస్సెక్కాం. నీ దారి వెంటే, మా ఊరినుంచి నీ ఊరి వైపు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగాం.

మొదటి స్టాపులో మరుగుదొడ్డి ఉంది, తలుపుంది, గొళ్లెం లేదు. నీ మరదలు బయట కాపలా కాస్తానంటోంది. రెండో చోట తాళం వేసి ఉంది. తాళంచెవి ఎదురుగా టీకొట్టు ఆవిడ దగ్గరుంటుంది. ఆడవాళ్లు అడిగితే ఇస్తుంది, మగవాళ్లు అడిగితే టీ తాగమంటుంది. టీ తాగాను, సగం చొక్కా మీద పోసుకున్నాను. బస్సు మారే చోట పెద్దది ఉంది, నీళ్లున్నాయి. అక్కడే గొడవైంది. లోపల శుభ్రంగా ఉందో లేదో చూడమని నీ మరదల్ని పంపి, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఊడ్చే ఆవిడ వచ్చి, వణుకుతున్న నా చెయ్యి చూసి, పొద్దున్నే తాగేసి ఆడవాళ్ల గుమ్మం దగ్గర ఏం పనిరా అని చీపురెత్తింది. చుట్టూ జనం మూగారు. మా అక్క కోసం అమ్మా, మా అక్క కోసం చూస్తున్నాను అంటున్నాను. అక్క ఏదిరా అంటుంది. నీ మరదలు బయటికొచ్చి విడిపించేదాకా పదిమంది నన్ను చూసి నవ్వారు.

నవ్వితే ఎలా ఉంటుందో తెలిసింది. నీకు చేసినదానికి అది సరిపోదు. ఊరికే రాస్తున్నాను.

అక్కా, ఇంకోటి చెప్పాలి. మేము చివరిదాకా వచ్చాం. నీ వీధిలోకి వచ్చాం. డాబా మీద టీ పిప్పి ఆరబోసి ఉంది. జిగురు అయిపోయిందన్నావు, ఇంకా ఎందుకు ఆరబెడుతున్నావో అర్థం కాలేదు. నీ మెట్ల కింద నిలబడ్డాం. నీ మరదలు పైకి వెళ్దాం అంది. ఏ మొహం పెట్టుకుని తలుపు కొట్టను? వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఆడ డాక్టరు ఒకావిడ ఉందట, నీ మరదలికి తెలుసు. దీనికి మందులు, కసరత్తులు ఉన్నాయంటోంది. అది నీ ఇష్టం. నేను అడగను.

ఈ నెలాఖరుకి ఆసుపత్రి బండి వస్తుంది. ఊరు ముందుగదిలో అలాగే ఉంది. ఎవరినీ రానివ్వడం లేదు. నవ్వినవాళ్లు ఎవరూ మా వీధివాళ్లు కాదు, కనుక్కున్నాను.

తమ్ముడు

*

జూన్ 18

ఒరేయ్ బుడ్డోడా,

మెట్ల కిందదాకా వచ్చి వెనక్కి పోయారా, ఇద్దరూ? సిగ్గులేదా అని రాయబోయి ఆగాను. ఉంది కాబట్టే పోయారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీ పక్కనే కూర్చున్నాను, వీధి వైపు మాత్రం చూడలేదు.

టీ పిప్పి ఎందుకంటావా? అలవాటైపోయింది, పారబొయ్యడానికి చెయ్యి రావడం లేదు. కాస్త తెస్తాను. నువ్వు పడేసిన రెండు చెట్ల కింద నేల ఊడిపోయి ఉంటుంది.

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నువ్వు రెండు ఉత్తరాలు రాస్తే నా సిగ్గు పోయిందనుకోకు. అలాగే ఉంది. ఈ ఉత్తరం పోస్టులో వేశాక కూడా మానేద్దామనిపిస్తుందని నాకు తెలుసు, అందుకే ముందే వేసేస్తున్నాను, ఇక వెనక్కి తీసుకోలేను. సంచిలో చీరలు ఎక్కువ పెట్టుకున్నాను. ఎందుకని అడగకు.

బస్టాండుకి నువ్వు రావద్దు, మరదల్ని ఒక్కదాన్నే పంపు. తనని చూడగానే నేను ఏం మాట్లాడతానో నాకే తెలియదు. ఏడ్చినా ఏడుస్తాను. అది నువ్వు చూడక్కర్లేదు. నువ్వు ఇంట్లో కూర్చుని స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉండు. ఎన్నిసార్లు తప్పినా నువ్వే వెయ్యాలి. నేను తొందరపెట్టను. నాకు మామూలు కుర్చీయే వెయ్యి, పైన ప్లాస్టిక్ షీట్లూ అవీ పరిచి నన్ను చంపకు.

గొళ్లెం లేని చోట దిగను. తాళంచెవి టీకొట్టు దగ్గర దిగుతాను. అక్కడ బస్సు ఎంతసేపు ఆగుతుందో నువ్వు కనుక్కోలేదు. ఎంత తిరిగినా మగవాడివే కదా.

రెండేళ్లుగా ఏ ప్రయాణానికైనా నోరెండి, నాలుక పిడచకట్టుకుని వెళ్లాను. సోమవారం ఒక గ్లాసు నిండా నీళ్లు తాగి బస్సెక్కుతాను. బండి ఆపమని కండక్టరుకి నేనే చెబుతాను.

అక్క